కలివికోడిని మరచిపోయిందెవరు?

బర్డ్ వాచింగ్ అంటే దొరల కాలక్షేపమని మనవాళ్ళలో ఒక అభిప్రాయం ఉంది. నా మెడలో బైనాక్యులర్స్ చూస్తే మా ఆవిడకూ నవ్వే. అందుకని ఈరోజు మన కడప పిట్ట సంగతే చెబుతాను.

1848 ప్రాంతంలో జెర్డన్ అనే సైనిక వైద్యుడు దాన్ని గ్రంథాలకెక్కించాడు. 1900 తరువాత ఎవరి కంటా పడలేదు, అంతరించిందనుకున్నారు. ఎవరి కంటా అంటే శాస్త్రవేత్తల కంట అని! కడప చిట్టడవుల్లో తిరిగే వేటగాళ్ళ నోట దాని పేరు అలాగే ఉంది. నల్లటి పండ్లు కాసే కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి కలివికోడి. ఎక్కడ వెతకాలో పేరే చెబుతోంది. డేటాబేస్‌లో రికార్డు పోయింది గానీ, బ్యాకప్ పల్లెలో భద్రంగా ఉందన్నమాట.

బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు బొమ్మలు చూపించి ఊళ్ళలో వాకబు చేశారు. అది పగలు నక్కి రాత్రి తిరిగే పిట్ట. 1986 జనవరిలో ఒక వేటగాడు టార్చి వెలుగులో పట్టేశాడు. పాపం, ఎక్కువ రోజులు బతకలేదు. 1988లో తపాలా బిళ్ళ మీదికి మాత్రం ఎక్కింది.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని నివాసం దాకా వచ్చింది. తరువాత కాలువ దారి మార్చారు. ఆపైన చాలా ఏళ్ళు దాని జాడే లేదు.

సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు మీ పెద్దవాళ్ళను పిట్టల పేర్లు అడిగి రాసుకు రండి, నాకూ పంపండి. అన్నట్టు, 2025 ఆగస్టులో కొందరు పక్షిప్రేమికులు కలివికోడి కూతను మళ్ళీ రికార్డు చేశారు.