ఏది దాచాలి, ఏది వదిలేయాలి?

స్టోరేజ్ ఫుల్ అని ఫోన్ చెప్తే మనం కూర్చుని ఫోటోలు డిలీట్ చేస్తాం కదా. జెనీవా దగ్గర ఉన్న సెర్న్‌లో అలా ఆలోచించే టైమే ఉండదు.

అక్కడి 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్ల గుంపులు సెకనుకి 4 కోట్ల సార్ల వరకు ఎదురుపడతాయి. అంత డేటా దాచడం ఎవరి వల్లా కాదు. అందుకే ట్రిగ్గర్ అనే వ్యవస్థ మొదటి వడపోత మైక్రోసెకన్లలోనే చేసేస్తుంది. చివరికి మిగిలేవి సెకనుకి కొన్ని వేలే. పోయింది మళ్లీ రాదు. కొత్త కణం జాడ అందులోనే ఉంటే? అదే అసలు భయం.

మిగిలిన డేటాని 40కి పైగా దేశాల్లోని సెంటర్లు పంచుకుంటాయి. ముంబై టీఐఎఫ్‌ఆర్, కోల్‌కతా వీఈసీసీ కూడా అందులో ఉన్నాయి.

ఇప్పుడు ఈ మెషీన్‌నే అప్‌గ్రేడ్ చేస్తున్నారు. ఆ తర్వాత గుంపులు ఎదురుపడిన ప్రతిసారీ 200 దాకా ఢీలు జరగొచ్చు. బడ్జెట్ మాత్రం ఆ లెక్కన పెరగదు. కాబట్టి కోడ్ వేగం పెంచాలి, జీపీయూలు వాడాలి, ఫైళ్లు చిన్నవి చేయాలి. ఇవన్నీ ఏళ్ల ముందే ప్లాన్ చేయాలి.

నన్నడిగితే ఇది డిస్కులు కొనే లెక్క ఒక్కటే కాదు. రేపు మనం ఏం కనిపెట్టగలమో కూడా ఇక్కడే తేలిపోతుంది. మీరేమంటారు?