సూదీ, సందేహమూ

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా టెక్కలిలో జరిగిన సభలో ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుని ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పది నిమిషాలు కేటాయించారు. డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసినవారు నా వెనుక ముగ్గురున్నారు కనుక ఆ జోలికి నేను పోను. "మీరు ముప్ఫై ఆరేళ్లు జనానికి టీకాలు వేశారు, కరోనా టీకా మీ ఇంట్లో ఎలా వేయించుకున్నారో చెప్పండి" అని వారు ఆదేశించారు. చెబుతాను. అయితే అందులో నా సంగతి కొంచెమే. మా తమ్ముడి సంగతే ఎక్కువ.

నేను 1974లో వ్యాక్సినేటరుగా చేరాను. అప్పటికి మన రాష్ట్రంలో మశూచి దాదాపు అంతరించింది గాని, పల్లెల్లో "అమ్మవారు" అనే భయం పోలేదు. రెండు మొనల చిన్న సూదిని మందులో ముంచి, చేతి మీద ఒకేచోట పదిహేనుసార్లు గుచ్చేవాళ్లం. ఈ హాల్లో అరవై దాటిన ప్రతివారి చేతి మీదా ఆ మచ్చో, అంతకు ముందరి తిప్పుడు సూది మచ్చో ఉంటుంది, చూసుకోండి. 1975 తరువాత మశూచి కేసు చూపించినవారికి వెయ్యి రూపాయల బహుమతి అని గోడల మీద రాయించారు. వెయ్యి రూపాయలంటే అప్పటి నా జీతానికి ఎన్నో రెట్లు! నా సర్కిల్లో ఆ వెయ్యి ఎవరికీ దక్కలేదు. ప్రతి దద్దురుకీ, ఆటలమ్మకీ మమ్మల్ని పరుగెత్తించారు గాని, ఒక్కటీ మశూచి కాలేదు. 1980 మేలో ప్రపంచం నుంచే అది పోయిందని ప్రకటించారు.

మధ్యలో 1976 వచ్చింది. కుటుంబ నియంత్రణ టార్గెట్ల కాలం. ఇక్కడ కూర్చున్న రెవిన్యూవారికీ, టీచర్లకీ అది గుర్తుండే ఉంటుంది, వారికీ టార్గెట్లు వేశారు మరి. మా జీపు శబ్దం వినబడితే మగవాళ్లు జీడితోటల్లోకి మాయమైపోయేవారు. పసిపిల్లలకు టీకా వేస్తామన్నా తల్లులు తలుపు తీసేవారు కాదు. సర్కారు సూది అంటే ఉద్దానంలో ఉన్న అనుమానానికి వేళ్లు అంత లోతున ఉన్నాయి. కరోనా వచ్చాక కుర్రకారు ఉద్యోగులు "ఈ జనానికి బొత్తిగా అవగాహన లేదండీ" అంటూంటే నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ అనుమానం కొంత మా చేతుల మీదుగా నాటినదే.

కరోనా కాలం మీ అందరికీ తెలిసినదే, క్లుప్తంగా దాటేస్తాను. 2020 ఏప్రిల్ నాలుగో వారం దాకా మన జిల్లాలో ఒక్క కేసూ లేదు. ఆ తరువాత గుజరాత్ వెరావల్ రేవులో చిక్కుకున్న మన మత్స్యకారులు బస్సుల్లో వచ్చారు, హైదరాబాదు, చెన్నైల నుంచి కూలీలు నడిచి వచ్చారు. జూన్‌లో పలాసలో ఒక వృద్ధుని మృతదేహాన్ని మట్టి తవ్వే యంత్రం తొట్టెలో తరలించడం టీవీల్లో దేశమంతా చూసింది. బాధ్యులైన అధికారులను సస్పెండ్ చేశారు. కాని ఆ దృశ్యం చూసిన ముసలివాళ్ల మనసులోంచి అది పోలేదు. జబ్బు కన్నా ఆ చావుకే మేం ఎక్కువ భయపడ్డాం.

2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో టీకా మొదలయింది. మార్చి 1 నుంచి అరవై దాటినవారికి. నేనూ, మా ఇంటావిడా మొదటి వారంలోనే ఇక్కడ టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రిలో కోవిషీల్డ్ వేయించుకున్నాం. సూది వేసిన అమ్మాయి నేను ట్రైనింగ్ ఇచ్చిన ఏ.ఎన్.ఎం. గారి కూతురట. "కళ్లు మూసుకోండి తాతగారూ" అంది. ఎన్ని వేల చేతులకు సూది గుచ్చినవాణ్ణో, నన్ను కళ్లు మూసుకోమంది! మూసుకున్నాను. అరగంట కూర్చోబెట్టారు, ఏమీ కాలేదు, రాత్రి కాస్త జ్వరం వచ్చింది. నా సంగతి ఇంతే.

ఇక మా తమ్ముడు. నాకన్నా పదమూడేళ్లు చిన్న. వజ్రపుకొత్తూరు మండలంలో మా ఊళ్లోనే ఉండి కొబ్బరి, జీడి చూసుకునేవాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు తోట తొంభై పాళ్లు పోయింది. ఆ దిగులులో నీరసపడుతున్నాడని ఆసుపత్రికి తీసుకెళ్తే క్రియాటినిన్ 2.1 అన్నారు. ఉద్దానంలో ఆ అంకెకు అర్థం పదేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు. ఎందుకొస్తోందో పెద్ద పెద్ద సంస్థలవారు వచ్చి నీళ్లూ, మట్టీ, మూత్రమూ పట్టుకెళ్లినా, కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేకపోయారు.

మార్చిలో అరవైకి లోపు, నలభై అయిదు దాటినవారిలో దీర్ఘరోగాలున్నవారికి టీకా ఇస్తామన్నారు. కాగితాలన్నీ పట్టుకుని నేనే వెళ్లాను. అక్కడ గోడకు అంటించిన జాబితాలో ఇరవై జబ్బులున్నాయి. కిడ్నీ విషయానికొస్తే డయాలిసిస్ మీద ఉన్నవారు, కిడ్నీ మార్పిడి అయినవారు, దాని కోసం ఎదురుచూస్తున్నవారు, అంతే. అప్పటికి మావాడి క్రియాటినిన్ 3.3. డయాలిసిస్ దాకా రాలేదు గనుక వాడు అర్హుడు కాడు. పూర్తిగా చెడిపోయినవాడికి ఉంది, చెడిపోతున్నవాడికి లేదు. డిల్లీలో కూర్చుని దేశమంతటికీ ఒకే జాబితా రాసేటప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయాలి, కాదనను. కాని సగం చెడిన కిడ్నీలతో పొలం పనికి పోయే మనుషులు ఊరూరా ఉన్న చోటు ఒకటుందని ఆ గీత గీసినవారికి తట్టలేదు. కరోనా సోకితే ప్రాణాపాయం ఎక్కువగా ఉండేవారిలో వీళ్లూ ఉన్నారు. ఏప్రిల్ 1 నుంచి జబ్బుతో నిమిత్తం లేకుండా నలభై అయిదు దాటిన అందరికీ ఇస్తామనడంతో ఆ చిక్కు తీరింది. ఒక్క నెలే కదా అనవచ్చు. ఆ తరువాతి నెల ఏమయిందో మనకు తెలుసు.

తీరా అర్హత వచ్చాక మావాడే మొరాయించాడు.

"అన్నయ్యా, నువ్వు ఏస్కోమంటే ఏస్కుంటాను గానీ, ఉన్న అరకొర కిడ్నీ దీంతో పోతే, వారానికి మూడుసార్లు నన్ను డయాలిసిస్‌కి పలాస నువ్వు తిప్పుతావా?" అన్నాడు.

నేను చెప్పవలసినదంతా చెప్పాను. ఇందులో జబ్బు చేసే కరోనా పురుగు లేదు, వేసేది అర మిల్లీలీటరు, అది కండలోకే వెళుతుంది, అని. వాడు వింటూ కొబ్బరి పీచు తీస్తూ కూర్చున్నాడు. నా మాటకు జవాబు చెప్పలేదు. ముప్ఫై ఆరేళ్లు ఈ మాటలే చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి, నా మాట డిపార్టుమెంటు మాటలాగే వినబడి ఉంటుంది వాడికి.

వాణ్ణి కదిలించినది నేను కాదు. మా వీధిలోనే డయాలిసిస్‌కు వెళ్లివచ్చే ఒకాయన మార్చిలో, ఆ జాబితా పుణ్యమా అని, టీకా వేయించుకున్నాడు. ఫిస్టులా ఉన్న ఎడమ చేతికి కాకుండా కుడి చేతికి వేశారట. మా తమ్ముడు రెండు రోజులు ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఆయన చెప్పినది ఇంతే: "చెయ్యి నొప్పెట్టింది, రేత్రి జొరమొచ్చింది, తెల్లారి తగ్గిపోనాది. మర్నాడు డయాలిసిస్‌కి ఎల్లిపోనాను. మిషనోళ్లు ఏటీ అన్లేదు."

ఏప్రిల్ రెండో వారంలో వాణ్ణి, మా మరదల్ని తీసుకుని టీకా కేంద్రానికి వెళ్లాను. అక్కడ ఇంకో చిక్కు. కోవిషీల్డ్ సీసాలో పది డోసులు. మూత తీశాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, లేదా పారబొయ్యాలి. అందుకని పదిమంది పోగయ్యేదాకా తెరవమన్నారు. మాతో కలిపి ఎనిమిది మంది. ఏ.ఎన్.ఎం. వలంటీర్లకు ఫోన్లు చేస్తోంది, ఆశా కార్యకర్త వీధుల్లో తిరుగుతోంది. గంట గడిచేసరికి మావాడు చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఇంతలో పలాస జీడి బట్టీలో పిక్కలు కొట్టే ఒకామె వచ్చింది. "జొరమొస్తే రెండ్రోజుల కూలి పోద్ది, ఆదోరం సెలవు, అందుకే శనోరం వచ్చాను" అంది. ఆమె లెక్క నాకు నచ్చింది. దుష్ఫలితాల పట్టికలో రెండ్రోజుల కూలిని ఎవరూ రాయరు. తొమ్మిది మందయ్యారు. మా మరదలు మావాడికి తోడుగా వచ్చిందే తప్ప వేయించుకుందామని రాలేదు. "బావగారూ, నాకూ ఏసెయ్యమనండి, ఇంతమందిని నిలబెట్టడమేటి" అని ముందుగా తానే వెళ్లి కుర్చీలో కూర్చుంది. సీసా తెరిచారు.

సూది గురించి నాకు భయం లేదు గాని, సూది తరువాత మాత్ర గురించి ఉంది. మన ఊళ్లలో ఒళ్లు నొప్పులంటే చాలు, డైక్లోఫెనాక్ ఇంజెక్షనో, బ్రూఫెన్ మాత్రో ఇచ్చేస్తారు. కిడ్నీ జబ్బున్నవారికి అవి చేసే చెరుపు చాలా ఎక్కువ. ఆ రాత్రి నేను మావాడి ఇంట్లోనే పడుకున్నాను, పారాసిటమాల్ తప్ప మరేదీ మింగనివ్వలేదు. ఇక్కడ కూర్చున్నవారిలో షుగరు, బి.పి., కిడ్నీ ఇబ్బందులున్నవారు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే నా పది నిమిషాలూ సార్థకం. ఏ టీకా తరువాతనైనా ఇది వర్తిస్తుంది.

రెండో డోసు మే నెలాఖరుకు వెయ్యాలి. మే 13న ఆ గడువును పన్నెండు నుంచి పదహారు వారాలకు పెంచారు. అంటే జూలై. సెకండ్ వేవ్ మంచి ఉధృతంగా ఉన్న రోజులు. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. రోజూ ఎవరో ఒకరి కబురు. మన సంఘ సభ్యులు ఎందరు పోయారో ఇందాక మౌనం పాటించినప్పుడు విన్నారు. ఒక్క డోసుతో వాడు తోటలో పాకలో ఉన్నాడు, అన్నం గట్టు దాకా తీసుకెళ్లి పెట్టేవారు. జూలై మొదటి వారంలో రెండోది పడింది. అంతకు ముందు జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. ఏ.ఎన్.ఎం.లు, ఆశాలు చీకటిపడే దాకా ఇళ్ల వెంట తిరిగారు. ఈ సభ నుంచి వారికి నా నమస్కారం.

వాడికి కరోనా రాలేదో, వచ్చి తెలియకుండా పోయిందో చెప్పలేను. కాని అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. వాడి కిడ్నీలు చెడుతూనే పోయాయి. వీధిలో డయాలిసిస్ ఆయన 2022లో కాలం చేశారు. అప్పటి నుంచి ఊళ్లో "ఆ సూది ఏస్కున్నాకే" అనే మాట మొదలయింది. మా వాడు నన్ను ఎన్నడూ నిలదీయలేదు. వాడి కొడుకు మాత్రం ఒకరోజు, "పెదనాన్నా, నిజం చెప్పు, దానివల్లేనా?" అని అడిగాడు.

నేను ఫైలు తీశాను. ఉద్యోగంలో నేర్చిన బుద్ధి, ఏ కాగితమూ పారెయ్యను. 2018 డిసెంబరు 2.1. 2019 నవంబరు 2.7. 2020 డిసెంబరు 3.3. ఇవన్నీ టీకాకు ముందువి. 2021 డిసెంబరు 3.9. 2022 డిసెంబరు 4.6. కుర్రాడి చేతికే పెన్సిల్ ఇచ్చి, గీత గీయమన్నాను. సూదికి ముందు ఎంత వాలు ఉందో, తరువాతా దాదాపు అంతే వాలు. ఒక్క మనిషి కాగితాలతో శాస్త్రం రుజువు కాదు, ఆ మాటా వాడికి చెప్పాను. కాని ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిదే రెండోదానికి కారణమని చెప్పాలంటే, మొదటిదానికి ముందు ఏం జరుగుతోందో చూడాలి. మన ఊళ్లలో ఆ ముందటి కాగితం చాలా ఇళ్లలో ఉండదు.

2024 వేసవిలో మళ్లీ కలకలం. కోవిషీల్డ్ మూలకర్త అయిన ఆస్ట్రాజెనెకా కంపెనీ, బహు అరుదుగా రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు రావచ్చని ఇంగ్లండు కోర్టులో ఒప్పుకుందని పేపర్లు రాశాయి. నాకు ఒక్కరోజులో పదిహేను ఫోన్లు. మీలో చేసినవారున్నారు. అది నిజమే. దాచవలసిన పని లేదు, 2021లోనే బయటపడిన విషయం. ఆ ఏడాది మేలో మన దేశపు కమిటీ లెక్క ప్రకారం పది లక్షల డోసులకు 0.61. అయితే అది వచ్చేది సూది వేసిన కొద్ది వారాల్లో, ముఖ్యంగా మొదటి డోసు తరువాత. మూడేళ్ల తరువాత కాదు. ఫోన్ చేసిన ప్రతివారికీ ఇదే చెప్పాను. "మొదటే ఈ ముక్క ఎందుకు చెప్పలేదండీ?" అని ఒక హెడ్మాస్టారు నిలదీశారు. మంచి ప్రశ్న. సీసా తెరిచే తొందరలో అరుదైన ప్రమాదాల గురించి చెప్పే తీరిక ఎవరికీ లేకపోయింది. చెబితే జనం పారిపోతారనే భయం 1976 నుంచి మా శాఖవారి ఒంట్లోనే ఉంది. చెప్పి ఉంటే, 2024లో ఆ ఫోన్లు అన్ని వచ్చేవి కావని నా అభిప్రాయం.

తమ్ముడికి 2024 నుంచి డయాలిసిస్. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రికి వారానికి మూడుసార్లు వెళ్తాడు. నేను ఒకసారి, వాడి కొడుకు రెండుసార్లు తిప్పుతాం. డయాలిసిస్‌కు వెళ్లేవారికి హెపటైటిస్ బి టీకా వెయ్యాలి, మామూలుగా వేసేదానికి రెట్టింపు మోతాదు, ఆరు నెలల్లో నాలుగుసార్లు. మొన్న మూడోది వేయించుకుని బయటకొచ్చాడు. నన్ను అడగలేదు. పాత కాగితం జేబులోంచి తీసి, తేదీ నాచేత రాయించుకున్నాడు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. డి.ఏ. బకాయిలవారికి మైకు అప్పగిస్తున్నాను.