వంకర లేని అంచు
(పొదుపు సంఘాల మహిళలకు గ్రీటింగు కార్డుల తయారీ శిక్షణలో చేసిన ప్రసంగం)



ఈ రోజు మనం మాట్లాడుకునేది చాలా చిన్న విషయం. కాగితం మీద కాగితం అంటించడం. "ఇది కూడా నేర్చుకోవాలా? జిగురు రాస్తే అంటుకోదా?" అని మీరు అడగవచ్చు. అంటుకుంటుంది. కాని తిన్నగా అంటుకోవాలి గదా! అక్కడే ఉంది అసలు పని.

మన వాకిట్లో ముగ్గు వేస్తాం. ఒక్క చుక్క పక్కకు పోతే ఏమవుతుంది? గీత వంకర పోతుంది. ముగ్గంతా ఎంత బాగున్నా చూసేవాళ్ల కన్ను ఆ వంకర మీదనే పడుతుంది. గ్రీటింగు కార్డు కూడా అంతే. బొమ్మ బాగుంటుంది, రంగు బాగుంటుంది. అంచు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే చాలు. కొనేవాళ్లు దాన్ని పక్కన పెట్టేస్తారు.

కార్డు ఎక్కడి నుంచి వచ్చింది?

పండుగకు శుభాకాంక్షల కార్డు పంపే అలవాటు చాలా దేశాల్లో ఉంది. లండను నగరంలో 1843లో హెన్రీ కోల్ అనే ఆయన క్రిస్మస్ పండుగకు కార్డు అచ్చు వేయించారు. జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడు దాని బొమ్మ గీశారు. అచ్చు వేసిన తర్వాత రంగులు చేత్తోనే వేశారు. ఒక్కో కార్డు ఒక షిల్లింగుకు అమ్మారు. ఆ రోజుల్లో పేదవాళ్లకు అది చాలా ఎక్కువ ధర.

ఇప్పుడు శుభాకాంక్షలు సెల్‌ఫోనులోనే పోతున్నాయి. అచ్చు కార్డులు కొనేవాళ్లు తగ్గారు. మరి మనం చేసే కార్డు ఎవరు కొంటారు? చేతిపని విలువ తెలిసినవాళ్లు కొంటారు. ఫోనులో వచ్చిన బొమ్మ నిమిషంలో మరుగున పడుతుంది. చేత్తో చేసిన కార్డును పెట్టెలో దాచుకుంటారు. దాచుకునే వస్తువు కాబట్టే దాన్ని తిరగేసి, మరగేసి చూసి కొంటారు. అందుకే మన పని శుభ్రంగా ఉండాలి.

వంకరకు ఎంత ఖర్చు?

ఒక లెక్క వేద్దాం. ఒక కార్డుకు కాగితం, జిగురు, కవరు కలిపి 6 రూపాయలు ఖర్చు అయింది అనుకోండి. 15 రూపాయలకు అమ్ముతున్నాం. ఆరుగురు కలిసి 100 కార్డులు చేశారు. ఖర్చు 600 రూపాయలు. అన్నీ అమ్ముడుపోతే వచ్చేది 1,500. మిగిలేది 900. ఒక్కొక్కరికి 150 రూపాయలు.

ఇప్పుడు 20 కార్డులు వంకరగా ఉన్నాయని షాపువాళ్లు తిప్పి పంపారు. అమ్ముడుపోయినవి 80. వచ్చింది 1,200. ఖర్చు మాత్రం తగ్గదు, అదే 600. మిగిలింది 600. ఒక్కొక్కరికి 100 రూపాయలే.

చూశారా! నూటికి 20 కార్డులే పాడయ్యాయి. మన కష్టంలో మూడో వంతు పోయింది. ఆ 50 రూపాయలు ఇంటికి కూరగాయలో, పిల్లల పుస్తకమో అయ్యేవి.

ముందు మూల చూడాలి

అంటించేటప్పుడు వంకర వస్తుంది అనుకుంటాం. చాలాసార్లు వంకర అంతకు ముందే వస్తుంది. కోసేటప్పుడే వస్తుంది. కాగితం మూల సరిగా లేకపోతే ఎంత జాగ్రత్తగా అంటించినా అంచు కుదరదు.

ఇల్లు కట్టే మేస్త్రీ ఏం చేస్తాడు? మూలమట్టం పెట్టి చూస్తాడు. ఎదురెదురు మూలల మధ్య దారం పట్టి కొలుస్తాడు. రెండు కొలతలూ ఒకటే అయితే గది మూలలు సరిగా ఉన్నట్టు. మనమూ అంతే చేద్దాం. కోసిన కాగితాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు స్కేలుతో కొలవండి. తర్వాత మిగిలిన రెండు మూలలు కొలవండి. రెండూ సమానంగా రావాలి. రాకపోతే ఆ ముక్క పక్కన పెట్టండి. దానితో పువ్వులు, ఆకులు కత్తిరించుకోవచ్చు.

కత్తెరతో పొడుగు అంచు తిన్నగా రావడం కష్టం. ఇనుప స్కేలు గట్టిగా నొక్కి పట్టండి. దాని పక్కనే పదునైన బ్లేడు కత్తి లాగండి. కింద మందపాటి అట్ట వేయండి. స్కేలు పట్టుకున్న వేళ్లు అంచు దాటి బయటకు రాకూడదు. బ్లేడు పిల్లలకు అందకుండా పెట్టండి.

కొలత ఇలా

జిరాక్సు షాపులో వాడే ఏ-4 కాగితం మీరు చూసే ఉంటారు. అదే సైజులో మందపాటి కాగితం తీసుకోండి. దాని పొడవు 29.7 సెంటీమీటర్లు, వెడల్పు 21 సెంటీమీటర్లు. పొడవును సగానికి కోస్తే రెండు ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కను మధ్యకు మడిస్తే ఒక కార్డు. మడిచిన కార్డు ఎత్తు సుమారు 14.8, వెడల్పు 10.5 సెంటీమీటర్లు.

మడిచే చోట ముందుగా స్కేలు పెట్టి, అయిపోయిన రీఫిలుతో ఒక గీత నొక్కండి. మడత పగలకుండా తిన్నగా వస్తుంది. తెలుగు కార్డుకు మడత ఎడమ వైపు ఉండాలి. రంజాన్‌కు ఉర్దూలో రాసే కార్డు అయితే మడత కుడి వైపు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు గదా!

ఇప్పుడు కార్డు మీద రంగు కాగితం. చుట్టూ అర సెంటీమీటరు తెల్ల అంచు కనపడాలి. అయితే రంగు కాగితం ఎంత తగ్గించాలి? అర సెంటీమీటరు అంటారా? కాదు. ఎడమకు అర, కుడికి అర. మొత్తం ఒక సెంటీమీటరు తగ్గించాలి. పైనా కిందా కూడా అంతే. అంటే రంగు కాగితం 13.8, 9.5. దాని మీద బొమ్మ కాగితం 12.8, 8.5.

అంచు మరీ సన్నగా పెట్టకండి. ఎందుకో చెబుతాను. అంచు 5 మిల్లీమీటర్లు ఉందనుకోండి. కాగితం ఒక మిల్లీమీటరు జరిగితే ఒక పక్క 6, ఇంకో పక్క 4 అవుతుంది. అది అంతగా కనపడదు. అంచు 2 మిల్లీమీటర్లే ఉంటే? అదే ఒక మిల్లీమీటరు జరిగితే ఒక పక్క 3, ఇంకో పక్క 1. ఒక అంచు ఇంకో అంచుకు మూడింతలు! చూడగానే తెలిసిపోతుంది. చేయి కుదిరేదాకా అర సెంటీమీటరు అంచు మంచిది.

మూల చెక్క

నాలుగు కార్డులు చేసేటప్పుడు పెన్సిలుతో నాలుగు మూలల్లో చుక్కలు పెట్టుకుంటే సరిపోతుంది. వంద కార్డులకు చుక్కలు పెట్టాలంటే పొద్దు చాలదు. దానికి ఒక ఉపాయం ఉంది. మూల చెక్క చేసుకుందాం.

ఒక చదునైన చెక్క తీసుకోండి. దాని మీద అట్ట బద్దీలు రెండు అంటించండి. ఒకటి ఎడమ పక్క, ఒకటి పై పక్క. రెండూ కలిసే చోట మూల సరిగ్గా ఉండాలి. కొత్త నోటుపుస్తకం మూల ఆనించి సరిచూసుకోండి. మూడు నాలుగు అట్టలు ఒకదాని మీద ఒకటి వేస్తే చిన్న గోడలాగా లేస్తుంది.

ఇంకో రెండు అట్ట బద్దీలు అర సెంటీమీటరు వెడల్పుతో కోయండి. వీటిని అంటించవద్దు. ఇవి మన కొలత బద్దీలు.

ఇప్పుడు పని చూడండి. కార్డును గోడల మూలలోకి నెట్టండి. కొలత బద్దీలను కార్డు మీద, గోడలకు ఆనించి పెట్టండి. జిగురు రాసిన రంగు కాగితాన్ని ఆ బద్దీలకు తగిలేదాకా జరపండి. నొక్కండి. బద్దీలు తీసేయండి. ఎడమ అంచు అర, పై అంచు అర వచ్చింది. కోత సరిగా ఉంటే కుడి అంచు, కింది అంచు వాటంతట అవే అర వస్తాయి. రాకపోతే కోతలో తేడా ఉందని తెలుస్తుంది. ఎవరు చేసినా వంద కార్డులూ ఒకే తీరుగా ఉంటాయి.

జిగురు సంగతి

ముందు బొమ్మ కాగితాన్ని రంగు కాగితానికి అంటించండి. అది ఆరాక ఆ రెంటినీ కలిపి కార్డుకు అంటించండి. ఎందుకంటే మొదట్లో తప్పు వస్తే చిన్న ముక్కలే పోతాయి. కార్డు మిగులుతుంది.

తెల్ల జిగురులో నీళ్లుంటాయి. ఉడికించిన మైదా జిగురులోనూ ఉంటాయి. కాగితం నీళ్లు తాగితే సాగుతుంది. ఆరితే ముడుచుకుంటుంది. అందుకే జిగురు ఎక్కువైతే కార్డు అప్పడంలా వంగుతుంది. పలచగా రాయండి. అంచుకు కొంచెం లోపలే ఆపండి. నొక్కితే అదే అంచుదాకా పాకుతుంది.

తడి జిగురులో ఒక మంచి గుణం ఉంది. కాగితం వెంటనే పట్టుకోదు. కొంచెంసేపు జరుపుకోవచ్చు. సర్దాక పైన తెల్ల కాగితం వేసి, గుడ్డతో మధ్య నుంచి అంచులకు రుద్దండి. తర్వాత బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. కార్డుల మధ్య పాత పేపర్లు వేయకండి, మసి అంటుతుంది.

రెండు వైపులా అంటుకునే టేపుతో కార్డు వంగదు. కాని ఒకసారి పట్టిందంటే వదలదు. దానికీ ఉపాయం ఉంది. టేపు మీది కాగితాన్ని ఒక్క అంగుళమే విప్పి, చెవిలాగా బయటకు మడవండి. కాగితాన్ని పెట్టి, అంచులు చూసుకొని, విప్పిన చోట నొక్కండి. కుదిరిందా? అప్పుడు చెవి పట్టి మిగతా కాగితం లాగేయండి.

ఇంత చేసినా ఒకటి వంకర పోతే బాధపడకండి. ఆరిన కాగితాన్ని పీకితే చిరుగుతుంది. పీకవద్దు. లోపలి కాగితం అంచుకు సమానంగా స్కేలు పెట్టి కార్డు బయటి అంచునే కోయండి. కార్డు కాస్త చిన్నదవుతుంది గాని తిన్నగా అవుతుంది. మడత వైపు మాత్రం కోయకూడదు.

కొలత మన బలం

చివరగా ఒక మాట. "మీ కార్డులు బాగా లేవు" అని ఎవరైనా అంటే మనం తల దించుకుంటాం. ఎందుకు బాగా లేవో అడగం. ఇక ముందు అడగాలి. ఆర్డరు తీసుకునేటప్పుడే ఒక నమూనా కార్డు చేయండి. వెనుక అంచు కొలత రాయండి. తేదీ వేయండి. కొనేవాళ్ల సంతకం, మీ సంతకం ఉండాలి. అలాంటివి రెండు చేసి వాళ్ల దగ్గర ఒకటి, మన దగ్గర ఒకటి ఉంచుకోవాలి. కార్డు తిప్పి పంపితే స్కేలు పెట్టి చూపించమనండి. తేడా ఉంటే ఒప్పుకుందాం. లేకపోతే మన డబ్బు మనం అడుగుదాం.

చదవడం నేర్చుకున్నాం. స్కేలు మీద అంకె చదవడం కూడా చదువే. కార్డు లోపల శుభాకాంక్షలు మన చేతిరాతతోనే రాద్దాం. వెనుక మన సంఘం పేరు రాద్దాం. ఆ పేరు ఉన్న కార్డు తిన్నగా ఉండాలి. సరేనా?

సెలవు.

చేసి చూడండి
1. మీ ఇంట్లో ఉన్న పెళ్లి శుభలేఖ తీసుకోండి. నాలుగు అంచులూ కొలిచి రాయండి.
2. కార్డు 12 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు ఉంది. చుట్టూ ఒక సెంటీమీటరు అంచు కావాలి. రంగు కాగితం ఎంత కోయాలి?
3. 100 కార్డుల్లో 10 తిరిగి వస్తే ఆరుగురిలో ఒక్కొక్కరికి ఎంత వస్తుంది? పై లెక్క చూసి చెప్పండి.