బడికి ఏ తాత వస్తాడు? ఏ అవ్వ వస్తుంది?

(విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రాథమిక పాఠశాలల్లో వృద్ధుల స్వచ్ఛంద బోధన గురించి మాట్లాడమన్నారు. వినగానే ఎవరికీ అభ్యంతరం ఉండని విషయం ఇది. వయసు మళ్లిన పెద్దవాళ్లు వారానికి రెండు మూడు రోజులు బడికొచ్చి, చదవడం రాని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు. మంచిదే. కానీ ఆ పెద్దవాళ్లు ఎవరు, ఎవరి పిల్లల దగ్గరకు వస్తున్నారు, ఏ హోదాలో వస్తున్నారు అన్న ప్రశ్నలు మనం అడగాలి.

కేంద్ర ప్రభుత్వం 2016లో ‘విద్యాంజలి’ పథకం పెట్టింది. 2021 సెప్టెంబరులో దాన్నే కొత్త రూపంలో మళ్లీ ప్రారంభించింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా అక్షరాస్యులైన వాలంటీర్ల గురించి, రిటైరైన ప్రభుత్వ ఉద్యోగుల గురించి, శాస్త్రవేత్తల గురించి మాట్లాడింది. చదువొచ్చిన ప్రతి ఒక్కరూ ఒకరికి చదవడం నేర్పాలని పిలుపునిచ్చింది. ఈ భాషను జాగ్రత్తగా చూడండి. పెద్దవాళ్లలో పనికొచ్చేవాళ్లు ఇక్కడ చదువుకున్నవాళ్లు, ఉద్యోగం చేసి దిగినవాళ్లు.

ఇవాళ డెబ్బై ఏళ్లున్న మనిషికి 1971 జనగణన నాటికి పదిహేను, పదహారేళ్లు. ఆ జనగణన ప్రకారం దేశం మొత్తం అక్షరాస్యత 29 శాతం పైచిలుకు. షెడ్యూల్డ్ కులాల్లో 14.67 శాతం. ఎస్సీ స్త్రీలలో 6.44 శాతం. అంటే ఆ తరంలో మన అవ్వల్లో చాలా ఎక్కువమందికి బడి అందలేదు. అలాంటప్పుడు ‘చదువుకున్న పెద్దవాళ్లు రండి’ అని పిలిస్తే ఊళ్లోంచి ఎవరు వస్తారు, వాడలోంచి ఎవరు వస్తారు అన్నది పిలవకముందే తేలిపోయింది. మరోవైపు ప్రభుత్వ బడిలో కూర్చున్నది ఎక్కువగా దళిత, ఆదివాసీ, బహుజన, ముస్లిం పేద పిల్లలే.

దీనివల్ల నష్టమేంటి అని అడగొచ్చు. బాబాసాహెబ్ చిన్నప్పుడు బడికి సొంత గోనెపట్టా మోసుకెళ్లి దాని మీద కూర్చున్నారు. ప్యూన్ పోస్తేనే నీళ్లు. ఆ బడిలోనూ పెద్దవాళ్లున్నారు, వాళ్లూ చదువుకున్నవాళ్లే. ఇవాళ గోనెపట్టా కనిపించకపోవచ్చు. కానీ ‘మీరేమిటోళ్లు?’, ‘మీ నాన్న ఏం పనిచేస్తాడు?’ అన్న మాటలు పలక పట్టుకున్న పిల్లకు ఇప్పటికీ ఎదురవుతాయి. కొట్టకపోతే చదువు రాదనే నమ్మకం కూడా ఆ తరంలో గట్టిగా ఉంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. టీచరు మీద ఫిర్యాదు చేయడానికి ఒక దారుంది. పుణ్యానికి వచ్చిన పెద్దాయన మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

ఇదే పని మరోలా చేసిన చోటు ఒకటుంది. అమెరికాలో 1990ల మధ్యలో ‘ఎక్స్‌పీరియన్స్ కోర్’ మొదలైంది. అప్పట్లో అరవై దాటినవాళ్లు వారానికి కనీసం 15 గంటలు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చిన్న తరగతుల పిల్లలతో పనిచేసేవాళ్లు. బాల్టిమోర్ నగరంలో అలా వచ్చినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు. చాలామంది తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు. వాళ్లకు ముందు శిక్షణ ఇచ్చారు, బృందాలుగా బడికి పంపారు, ఖర్చులకు నెలనెలా కొంత డబ్బిచ్చారు. ఈ చివరిది చాలా ముఖ్యం. మన దగ్గర వృద్ధాప్య పింఛనులో 60 నుంచి 79 ఏళ్ల వారికి కేంద్రం వాటా నెలకు 200 రూపాయలు. అరవై ఐదేళ్లకూ కూలికి పోయే అవ్వను ఉచితంగా బడికి రమ్మంటే, ఆ రోజు కూలి వదులుకోమన్నట్టే. తీరిక ఉన్నవాళ్లకే సేవ చేసే గౌరవం దక్కడం కులవ్యవస్థకు కొత్తేమీ కాదు.

సరే, చదువు రాని అవ్వ బడిలో ఏం చేస్తుంది? మా కోస్తా పల్లెల్లో ధాన్యం కొలతలు చూడండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. కుంచానికి ఎన్ని గిద్దలో పిల్లల్ని అడగండి. అరవై నాలుగు అని తేలేలోపు రెట్టింపు, సగం, పావు అన్నీ వచ్చేస్తాయి. గింజల కూలి తీసుకున్న తరానికి ఈ లెక్క నోటికొచ్చు. కొలతలో ఎక్కడ మోసం జరుగుతుందో కూడా తెలుసు. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని గణితం. పిల్ల గట్టిగా చదువుతుంటే పక్కన కూర్చుని ఓపిగ్గా వినడానికీ, ‘తర్వాతేమైందే?’ అని అడగడానికీ అక్షరాలు అక్కర్లేదు. ఇంట్లో మాట్లాడే భాషకు బడిలో చోటుందని ఆ పిల్లకు అర్థమవుతుంది.

అయితే ఒక హెచ్చరిక. టీచర్ పోస్టుకు రోస్టర్ ఉంటుంది. వాలంటీర్‌కు రోస్టర్ ఉండదు. ఖాళీలు నింపకుండా వాలంటీర్లతో బడి నడిపితే పిల్లలకు శిక్షణ పొందిన టీచర్ దూరమవుతుంది, డీఎస్సీ కోసం చదువుతున్న మన వాడ యువతకు ఉద్యోగం దూరమవుతుంది. అవ్వ టీచరుకు తోడుగా రావాలి. ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టడానికి ఆమెను వాడుకోకూడదు.

కాబట్టి నేను అడిగేవి మూడు. ఒకటి, ఎవరు రావాలో పాఠశాల యాజమాన్య కమిటీ నిర్ణయించాలి. చట్టం ప్రకారం అందులో మూడొంతులు అంటే నాలుగింట మూడు భాగాలు తల్లిదండ్రులు, సగం స్త్రీలు, అణగారిన వర్గాలకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. ఆ కమిటీ కాగితం మీదే ఉంటే దాన్ని కదిలించడం మన పని. రెండు, వచ్చినవాళ్లకు రోజు కూలికి తగ్గని భత్యం, కుల వివక్ష మీద శిక్షణ ఇవ్వాలి. మూడు, మంజూరైన టీచర్ పోస్టులు నింపిన తర్వాతే ఈ పథకం.

విద్యా పరిశోధనలో ఉన్న మిత్రులకు ఒక్క మాట. మన అవ్వలను మనం ఇంతవరకు ‘నిరక్షరాస్యులు’ అన్న గడిలో లెక్కేశాం. ఆ గడి వాళ్లకు బడి ఏం ఇవ్వలేదో చెబుతుంది. వాళ్లకు ఏం తెలుసో చెప్పదు. అది రాయడం మన బాధ్యత.

జై భీమ్.