డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో బరంపురం చేనేత సహకార సంఘం కార్యదర్శి ఒకరు చేసిన ప్రసంగం)



నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను. ఫోన్ లోపల ఏముంటుందో చెప్పేంతవాణ్ణి కాదు. కానీ సంఘం లెక్కలు చూస్తాను గనుక, ఎవరి ఖాతాలో డబ్బు పోయినా కబురు నా దగ్గరికి వస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఒకప్పుడు చీర నేస్తే షావుకారుకో, సంఘానికో ఇచ్చేవాళ్లం. ఇప్పుడు పిల్లలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు. దూరం ఊళ్ల నుంచి బేరాలు వస్తున్నాయి. మంచిదే. కానీ కొనేవాడు వచ్చే దారిలోనే దొంగ కూడా వస్తున్నాడు.

మా సభ్యుడి ఇంటికి ఒక ఫోన్ వచ్చింది. "మిలిటరీ ఆఫీసర్ని, పెళ్లికి 6 పట్టుచీరలు కావాలి" అన్నాడు. ధర చెప్తే సరే అన్నాడు. పట్టుచీరకు బేరం ఆడని మనిషిని మీరెక్కడైనా చూశారా? అక్కడే అనుమానపడాలి. తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టమ్మా, అడ్వాన్సు పడుతుంది" అన్నాడు. ఆ ఇంటి కోడలు కొట్టింది. డబ్బు పడలేదు, పోయింది. "పొరపాటైంది, మళ్లీ కొట్టు, రెండూ కలిపి వస్తాయి" అన్నాడు. రెండోసారీ పోయింది. అది ఆ ఇంటి నెల మజూరీ.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికి, లేదా మన ఖాతాలో ఎంతుందో చూసుకోడానికి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు.

వేషాలు ఇంకా ఉన్నాయి. ముద్ర లోను మంజూరైంది, ముందు ఫీజు కట్టమంటారు. కేవైసీ చెయ్యకపోతే ఈ రాత్రికే ఖాతా ఆగిపోతుందని లింకు పంపుతారు. పెళ్లి శుభలేఖ అని వాట్సాప్‌లో ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, మన ఫోన్లో దూరే యాప్. పోలీసు బట్టల్లో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్టు" అంటాడు. చట్టంలో అలాంటి అరెస్టు లేదు. ఫోన్ పెట్టేయండి.

మనకి ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఫోన్లో వచ్చేది హిందీ, ఇంగ్లీషు. సగం అర్థమై సగం అర్థంకాక, అడిగితే నామోషీ అని "హా సార్, హా సార్" అంటాం. దొంగకి కావలసింది అదే. అర్థం కాకపోతే "మా వాళ్లని అడిగి చెప్తాను" అనండి. నిజమైన బ్యాంకువాడు ఆగుతాడు. దొంగ ఆగడు, తొందరపెడతాడు.

ఇక అసలు సంగతి. ఆ కోడలు రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అత్తగారు ఏమంటారో అని భయం. ఆ రెండు రోజుల్లో డబ్బు చేతులు మారిపోయింది. పడుగులో పోగు తెగితే మగ్గం ఆపి వెంటనే అతుకుతాం కదా, ఇదీ అంతే. పోయిన నిమిషంలోనే 1930కి ఫోన్ చెయ్యాలి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉంటే అక్కడే ఆపించగలరు. బ్యాంకుకీ చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, పిన్ మనమే ఇచ్చినా సరే, బ్యాంకుకి తెలిపిన తర్వాత పోయే సొమ్ము బ్యాంకే భరించాలి. తెలపక ముందు పోయింది మాత్రం మన నష్టమే. అందుకే ఆలస్యం వద్దు.

ఇంటి పెద్దలకు నా మనవి. కోడలో కొడుకో వచ్చి చెప్తే తిట్లు తర్వాత. ముందు 1930. మగ్గం దగ్గర గోడ మీద ఆ అంకెలు పెద్దగా రాసిపెట్టండి. ఫోన్ చెయ్యడం రాకపోతే మీ ఊరి సంఘం ఆఫీసుకి రండి. మా దగ్గరికి ఎవరొచ్చినా ముందు ఫోన్ కలుపుతాం, ఎలా పోయిందని తర్వాత అడుగుతాం.