మంచు కొండలు, దీపాల వీధులు

బద్వేలు సీమలో చెరువు నిండిన సంవత్సరమే పండుగ సంవత్సరము. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురిసినచో చాలునని సంతోషించు నేల మనది. అట్టి నేలమీద పుట్టి పెరిగిన అబ్బాయి ఒకడు జపాను దేశమునుండి ఇంటికి ఫోటో పంపినాడనుకొందము. నిలువెత్తు మంచు, కాళ్లకు రెండు పొడవాటి పలకలు, వెనుక ఏటవాలు కొండ. తల్లికి మొదట కలుగునది ఆనందమో భయమో చెప్పుట కష్టము. తండ్రి అడుగు ప్రశ్న మాత్రము అందరికిని తెలిసినదే: “దీనికెంత ఖర్చయినదిరా?”

ఇది వట్టి ఊహ కాదు. టోక్యో నగరపు తూర్పుభాగమున నిషికసాయి అను పేట కలదు. అక్కడ భారతీయులు పెద్దసంఖ్యలో నివసించుచున్నారు. వారిలో కంప్యూటరు ఉద్యోగములకై వెళ్లిన తెలుగువారును కలరు. డిసెంబరు వచ్చినదనగా ఆఫీసులోని మిత్రులనుండి వారికి రెండు ఆహ్వానములు అందును. ఒకటి మంచుకొండమీద స్కీ ఆటకు. రెండవది పని ముగిసిన తరువాత రాత్రి విందుకు. ఏటి చివర జరుగు ఈ విందును ‘బోనెన్కై’ అందురు. గడచిన ఏటిని మరచుటకు కూడు కూటమని దాని అర్థము. రెండింటను ఆనందమున్నది. రెండింటను క్రొత్తవాడు జారిపడు చోట్లున్నవి. వెళ్లువారికిని, వారిని పంపి ఇంటివద్ద ఎదురుచూచు పెద్దలకును ఆ చోట్లను చూపుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట మంచు సంగతి. శీతాకాలమున సైబీరియానుండి మిక్కిలి చల్లని పొడిగాలి వీచును. జపాను సముద్రమును దాటునప్పుడు ఆ నీటి వెచ్చదనమువలన అది ఆవిరిని గ్రహించి మేఘమగును. దేశమునకు వెన్నెముకవలె నిలిచిన కొండలు అడ్డుపడగా ఆ మేఘము పైకెగసి, చల్లబడి, తన భారమును పడమటి వైపుననే మంచుగా దించివేయును. కొండ దాటి టోక్యో వైపునకు వచ్చునది పొడిగాలి మాత్రమే. ఈ కథ మనకు క్రొత్త కాదు. అరేబియా సముద్రమునుండి వచ్చు నైరుతి ఋతుపవనము పడమటి కనుమలకు తన నీటినిచ్చి, మన సీమను చేరునప్పటికి తేలికయై పోవును. కొండకు ఆవలివారికి కలిమి, ఈవలివారికి లేమి. ఈ విషయములో శీతాకాలపు టోక్యోవాసి మన కడపవాసికి చుట్టమే.

టోక్యోనుండి నీగాటా వైపు పోవు వేగపు రైలు ఎక్కినచో ఈ భేదము కంటికి కనబడును. నీలాకాశము క్రింద రైలు 22 కిలోమీటర్ల సొరంగములో ప్రవేశించును. అవతల వెలువడునప్పటికి ఇండ్ల కప్పులు, చెట్లు, పొలములు సర్వము తెల్లనై యుండును. అక్కడిదే యుజావా అను ఊరు. అచ్చట ఒక్క శీతాకాలములో కురియు మంచును కలిపి కొలిచినచో సాధారణముగా 10 మీటర్లకు మించును. 1968లో నోబెల్ బహుమతి పొందిన కవాబాతా యసునారి తన మంచుదేశపు నవలను ఈ ఊరిని మనసులో నుంచుకొనియే వ్రాసినాడు.

జపానువారికి కూడ స్కీ పరాయి విద్యయే. 1911 జనవరి 12వ తేదీన ఆస్ట్రియా-హంగరీ సైన్యమునకు చెందిన మేజరు లెర్ఖ్ నీగాటా ప్రాంతపు తకాదా పట్టణములో జపాను సైనికులకు దీనిని నేర్పినాడు. ఆనాడు ఆయన నేర్పినది రెండు కర్రలతో కాదు, ఒకే పొడవాటి కర్రతో. అరువదేండ్లు గడచునప్పటికి శిష్యులు గురువులైనారు. 1972లో ఆసియా ఖండపు తొలి శీతాకాలపు ఒలింపిక్ క్రీడలు సప్పోరోలో జరిగినవి. అందు 70 మీటర్ల స్కీ దూకుడు పోటీలో మూడు పతకములును జపానువారివే. మరల 1998లో నాగానోలో ఆ క్రీడలు జరిగినప్పుడు మన దేశము పక్షమున వెళ్లినవాడు ఒక్కడే: ల్యూజ్ అను మంచుబండి పందెములో పాల్గొనిన పదహారేండ్ల శివ కేశవన్. కనుక మంచులేని ఊరివాడు మంచుమీద నిలువలేడని అనుకొనవలసిన పనిలేదు. నేర్చుకొని నిలువవలెను, అంతే.

తొలిసారి వెళ్లువారికి గాలా యుజావా అనువైన స్థలము. టోక్యోనుండి సుమారు గంటంబావు ప్రయాణము. స్టేషను స్కీ స్థలములోనే యున్నది. మంచుకాలమున మాత్రమే రైలు అక్కడ ఆగును. పలకలు, బూట్లు, మంచుదుస్తులు అద్దెకు దొరకును. చేతితొడుగులు, టోపీ, కండ్లద్దములు, దళసరి మేజోళ్లు ముందే కొనుక్కొనుట మేలు. కండ్లద్దములు సోకు కొరకు కాదు. ఎండ మంచుమీద పడి తిరుగగొట్టునప్పుడు కంటికి కలుగు హాని మన వైశాఖపు ఎండకు తీసిపోదు.

మొదటి రెండు గంటలు గురువువద్ద నేర్చుకొనుటకు కేటాయింపవలెను. ఈ ఖర్చును తగ్గించుకొనువారు తరువాత ఆసుపత్రిలో చెల్లింతురు. తొలి పాఠము వేగము కాదు, ఆగుట. పలకల కొనలను దగ్గరకు చేర్చి మడమలను దూరముగా విడదీయవలెను. నాగలి మొనవలె ఏర్పడు ఈ ఆకారము మంచును ఒరసికొని వేగమును తగ్గించును. వేగము చేయిదాటినచో ప్రక్కకు ఒరిగి కూలబడుట ఉత్తమము. పడుట సిగ్గు కాదు. నిలువరించుకొనలేక ఇతరులమీద పడుట నేరము. క్రింద నున్నవాడు వెనుకకు చూడలేడు. అతనిని తప్పించుకొనవలసిన బాధ్యత పైనుండి వచ్చువానిదే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది త్రాడు. స్కీ స్థలపు ఎల్లలయందు త్రాడు కట్టుదురు. దాని అవతల మంచు ఇంకను మెత్తగా, ఎవరి అడుగును పడనిదై కనబడును. యువకులను పిలుచునది అదే. కాని అక్కడ పెద్ద చెట్ల మొదళ్లచుట్టు మెత్తని మంచు క్రింద గోతులుండును. తలక్రిందుగా పడినవాడు తనంతట లేవలేడు. మంచుచరియలు విరుగును. 2023 జనవరి 29న నాగానో ప్రాంతపు ఓటారి గ్రామమువద్ద చరియ విరిగిపడి ఇద్దరు విదేశీయులు మరణించినారు. వారిలో ఒకడు ఈ విద్యలోనే 2015లో ప్రపంచ విజేతగా నిలిచిన అమెరికా క్రీడాకారుడు. అంతటివానికే ఆ గతి పట్టినప్పుడు నిన్న పలకలు కట్టుకొన్నవాని సంగతి చెప్పనేల? త్రాడు దాటి తప్పిపోయినవానిని వెదకుటకైన ఖర్చును అతనివద్దనే వసూలు చేయు స్థలములును కలవు. బీమా పాలసీ తీసికొనునప్పుడు అది మంచు ఆటలకు వర్తించునో లేదో చదివి చూడవలెను. వర్తింపని పాలసీలు పెక్కు.

ఆట ముగిసిన సాయంకాలము వేడినీటి ఊటలలో స్నానము చేయుట అక్కడి ఆచారము. తొట్టిలో దిగుటకు ముందే బయట కూర్చుండి ఒళ్లంతయు శుభ్రముగా కడుగుకొనవలెను. సబ్బునురుగు తొట్టిలో పడరాదు. బట్టలతో దిగనీయరు. పురుషులకు, స్త్రీలకు సాధారణముగా వేరువేరు స్నానశాలలుండును. మనవారికి మొదట సంకోచము కలుగును గాని, అక్కడ ఒకరినొకరు చూచుకొనుట మర్యాద కాదని తెలిసినచో ఆ సంకోచము పోవును.

ఇక రాత్రి మాట. రాత్రి వినోదము మనకు తెలియనిది కాదు. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణము జరుగునది రాత్రి వెన్నెలలోనే. తెల్లవార్లు తోలుబొమ్మలాట చూచిన పెద్దలు మన ఊళ్లలో ఇంకను ఉన్నారు. జపాను నగరములలో రాత్రి వినోదమునకు ముఖ్యస్థానము ‘ఇజకాయ’ అను చిన్న విందుశాల. కూర్చున్న వెంటనే అడుగకుండగనే ఒక చిన్న గిన్నెలో ఏదో వంటకము తెచ్చి పెట్టుదురు. అది ఉచితము కాదు. సాధారణముగా 300 మొదలు 500 యెన్నులవరకు లెక్కలో చేరును. ఇది మోసము కాదు, ఆచారము. లేచునప్పుడు పనివారికి ఇనాము ఇయ్యనక్కరలేదు. ఇచ్చినచో వారు ఇబ్బందిపడుదురు. అందరి పాత్రలు నిండి ‘కంపై’ అనువరకు త్రాగరాదు. మద్యము ముట్టనివారు ఊలాంగు తేనీటితోనే ఆ మాట చెప్పవచ్చును; ఎవరును తప్పుపట్టరు. శాకాహారులు మాత్రము జాగ్రత్త వహింపవలెను. కూరగాయల పులుసులోను, గోధుమ సేమియా రసములోను ఎండుచేప సారము కలియుట అక్కడ సర్వసాధారణము.

మంచుకొండమీద త్రాడు ఎట్టిదో, రాత్రి వీధిలో ధర అట్టిది. ధర వ్రాసి పెట్టని దుకాణములో కూర్చుండరాదు. షింజుకులోని కబుకిచో వంటి దీపాల వీధులలో దళారులు వెంటబడి, చక్కని ఇంగ్లీషులో తక్కువ ధర చెప్పి పిలుతురు. లోపలికి పోయిన తరువాత లెక్క పదింతలైనను ఆశ్చర్యము లేదు. దళారుల వెంట పోవద్దని ఆ వీధిలోనే లౌడుస్పీకర్లలో హెచ్చరింతురు. వినువారికి అది చాలును. ఒకప్పుడు అర్ధరాత్రి దాటిన పిదప నృత్యశాలలలో నృత్యము చేయుటనే నిషేధించిన 1948 నాటి చట్టము 2016లో సడలినది. అందువలన తెల్లవారువరకు తెరచియుండు శాలలు కలవు. కాని రైళ్లు అర్ధరాత్రి ప్రాంతమున నిలిచిపోవును. చివరి రైలు వేళ తెలియనివాడు టాక్సీకి ఇచ్చు సొమ్ముతో మరొకమారు మంచుకొండకు పోయి రావచ్చును.

చట్టము విషయములో రాజీ లేదు. ఇరువది ఏండ్లు నిండనివారు మద్యము త్రాగరాదు. త్రాగి కారు నడుపువాడే గాక, తెలిసి అతనికి పోసినవాడును, ప్రక్కన కూర్చుండి ప్రయాణించినవాడును శిక్షార్హులు. 2024 నవంబరునుండి త్రాగి సైకిలు తొక్కువారిమీదను చట్టము కఠినమైనది. యాత్రికులు పాస్‌పోర్టును, నివాసులు తమ నివాసపు కార్డును ఎల్లప్పుడు దగ్గర నుంచుకొనవలెను. పోలీసులకు 110, అంబులెన్సుకు 119 నంబర్లు. పిల్లలు ప్రయాణమై వెళ్లునప్పుడు వలదని వారించుటకంటె, గురువును కుదుర్చుకొన్నావా, బీమా చూచితివా, చివరి రైలు ఎప్పుడు అని పెద్దలు అడుగుట ప్రయోజనకరము.

చివరగా ఒక సంగతి. జపాను రాత్రి కచేరీలలో షామిసెన్ అను మూడు తీగల వాద్యము వినబడును. కవాబాతా నవలలోని నాయిక వాయించునదియు అదే. ఆ వాద్యపు మెడకు శ్రేష్ఠమని వారు ఎంచు కలప ‘కోకి’. అది మరేదో కాదు, బద్వేలు ప్రక్కన లంకమల కొండలలోను, శేషాచలములోను పెరుగు మన ఎర్రచందనమే. మనము ఎరుగని ఒక పాటకు మన కొండచెట్టు ఎంతోకాలముగా ఆధారమై యున్నది. అట్లని మిత్రులకు కానుకగా ఎర్రచందనపు బొమ్మను పెట్టెలో పెట్టుకొని పోరాదు. 1995నుండి ఆ చెట్టు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో నున్నది. అనుమతి పత్రము లేనిదే సరిహద్దు దాటింపరాదు. పొనికి చెక్కతో చేసిన కొండపల్లి బొమ్మను తీసికొని పోవుడు. మంచుదేశపు ఇంటిలో అది మన ఊరి ఎండను, మన ఊరి రంగులను తలపించుచు నిలుచును.