కెనడా ఎలక్షన్, ఖతర్ క్యాంపు, ఊర్లో నా ఓటు

శుక్రవారం పొద్దున, దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో మా రూమ్ నుంచి మాట్లాడుతున్నాను. చలికాలం కాబట్టి ఏసీ బంద్. ఈసారి ఆడియోలో ఆ మోత లేదు, సంతోషించండి. ఇయ్యాల వంట వంతు కూడా నాది కాదు. డ్యూటీలో వినడం కుదరని వాళ్ల కోసం ఎప్పటిలాగే మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఈ ఎపిసోడ్‌కు కారణం మా మేనల్లుడు. కెనడాలో బ్రాంప్టన్‌లో ఉంటాడు. 2022లో చదువుకని పోయాడు. మా అక్కా బావా రెండెకరాలు తాకట్టు పెట్టి పంపారు. కాలేజీ అయిపోయింది, ఇప్పుడు వర్క్ పర్మిట్ మీద గోదాంలో పని చేస్తున్నాడు. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురు. నేనిక్కడ రూమ్‌లో ఆరుగురితో ఉంటే మా అక్క ఇన్నేళ్లూ అయ్యో అనేది. ఇప్పుడు కొడుకు కూడా ఆరుగురితోనే ఉంటున్నాడు. కాకపోతే అది కెనడా కాబట్టి ఊర్లో ఎవరికీ చెప్పదు.

మొన్న ఫోన్ చేసి, "మామా, మా పర్మిట్లు అయిపోతున్నయ్, పీఆర్ పాయింట్లు సరిపోతలేవు, ఇక్కడ రాజకీయం మొత్తం మా మీదనే నడుస్తుంది" అన్నాడు. గొంతు బాగా లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పడుకుని ఫోన్‌లో కెనడా రాజకీయాలు చదివాను. చదివిన కొద్దీ అది మన కథే అనిపించింది.

సంగతేమిటంటే, కెనడాలో ఇళ్ల కిరాయిలు పెరిగాయి. జనం కోపంగా ఉన్నారు. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం విదేశీ విద్యార్థుల పర్మిట్లకు పరిమితి పెట్టి, ఆ ఏడాది సుమారు 35 శాతం తగ్గిస్తామని ప్రకటించింది. 2025 ఏప్రిల్ 28న ఎన్నికలు జరిగితే ఇళ్లు, వలస రెండూ ప్రచారంలోకి వచ్చాయి. మార్క్ కార్నీ గెలిచాడు. గెలిచినవాడు, ఓడినవాడు ఇద్దరూ తాత్కాలికంగా వచ్చిన వాళ్లను తగ్గించాలనే అన్నారు. ఇళ్లు కట్టకపోవడం మా వాడి తప్పా? ఫీజులకు ఆశపడి సీట్లు పెంచుకున్న కాలేజీలది కాదా? కానీ నింద వాడి మీదకే వచ్చింది. ఎందుకంటే వాడికి ఓటు లేదు. ఓటు లేనివాణ్ణి తిడితే ఏ నాయకుడికీ నష్టం లేదు.

అదే దేశంలో ఓటున్న మనోడి సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ప్రసాద్ పండా 2015లో కాల్గరీ నుంచి ఆల్బర్టా అసెంబ్లీకి ఎన్నికయ్యాడు, 2019లో ఆ రాష్ట్రానికి మంత్రి కూడా అయ్యాడు. పీఆర్ వచ్చాక అయిదేళ్లలో 1095 రోజులు ఆ దేశంలో ఉన్నట్టు చూపిస్తే పౌరసత్వానికి అప్లై చేసుకోవచ్చు. పౌరసత్వం వస్తే ఓటు వస్తుంది. ఓటు వస్తే నాయకుడు గుడికొస్తాడు, గురుద్వారాకొస్తాడు, బతుకమ్మకొస్తాడు. కెనడాలో మనోళ్లు రెండు రకాలన్నమాట. ఒకరు ఓటరు, ఇంకొకరు నెంబరు. మా మేనల్లుడు ఇంకా నెంబరే.

ఇంకో సంగతి. కెనడాకు తోటల్లో, ఫ్యాక్టరీల్లో పనికి పోయేవాళ్లలో చాలామంది పర్మిట్ ఒక్క యజమానికే కట్టేసి ఉంటుంది. 2023లో ఐక్యరాజ్యసమితి తరఫున అక్కడికి పోయి చూసిన టొమోయా ఒబొకాటా ఈ పద్ధతి ఆధునిక బానిసత్వానికి నెలవు అనే అర్థంలో చెప్పాడు. మనకిది కొత్తదా? దీన్ని మనం కఫాలా అంటాం. 2020లో ఖతర్ కంపెనీ మారడానికి ఎన్‌ఓసీ అక్కర్లేదని చట్టం మార్చింది. చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ 2018లోనే పోయింది, ఇండ్లలో పనిచేసే అక్కలకు 2020 జనవరిలో పోయింది. చట్టం ఒకటి, కంపెనీ గేటు ఇంకొకటి. రాజీనామా ఇస్తే కేసు పెడతామని బెదిరించే మేనేజర్లు ఇంకా ఉన్నారు, నేను కూడా చూశాను. అయినా మారింది మారిందనే చెప్పాలి.

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నా. 2020 ఆగస్టు చివర్లో ఖతర్ కనీస వేతనం చట్టం తెచ్చింది. నెలకు 1000 రియాల్స్ బేసిక్, కంపెనీ తిండి పెట్టకపోతే 300, రూమ్ ఇవ్వకపోతే 500. 2021 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. 1000 రియాల్స్ అంటే దాదాపు 275 డాలర్లు. మరి అదే 2020 సెప్టెంబర్‌లో మన దేశం ఏం చేసింది? గల్ఫ్‌కు పంపే కార్మికులకు ఇంతకన్నా తక్కువ జీతం ఒప్పుకోం అని మన ప్రభుత్వమే పెట్టుకున్న రెఫరల్ వేజ్‌ని తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. ఖతర్‌కు 200 డాలర్లు. అంటే సుమారు 728 రియాల్స్.

మళ్లొకసారి చెప్తా. ఓటు లేని పరాయి దేశం మన రేటు 1000 అంది. ఓటున్న మన దేశం 728 చాలు అంది. రేటు ఎక్కువుంటే మనోళ్లకు ఉద్యోగాలు రావు, వేరే దేశాల వాళ్లు తక్కువకు వస్తారు అనేది వాళ్లు చెప్పిన కారణం. కరోనా టైమ్‌లో ఆ భయం ఉత్తదని నేను అనను. కానీ ఆ మాట మనతో ఎవరన్నా అన్నారా? మనల్ని అడిగారా? గల్ఫ్ కార్మికుల సంఘాల వాళ్లు తెలంగాణ హైకోర్టుకు పోయి కొట్లాడారు. 2021 జులైలో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు. కోర్టు తలుపు కొట్టినోళ్లకు దండం. కానీ వడ్ల మద్దతు ధర గిట్ల రాత్రికి రాత్రి సగం చేసే ధైర్యం ఏ ప్రభుత్వానికన్నా ఉందా? ఉండదు. రైతు ఊర్లో ఉంటాడు, ఓటు వేస్తాడు.

మా ఊరు జగిత్యాల జిల్లాలో కోరుట్ల దిక్కు. నిజామాబాద్ పార్లమెంట్ కిందికి వస్తుంది. 2019లో మా దగ్గర పసుపు రైతులు ఏం చేశారో మీకు గుర్తుండే ఉంటుంది. గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం వాళ్లే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది పోటీలో ఉన్నారు. దేశమంతా మా దిక్కు చూసింది. 2025 జనవరిలో నిజామాబాద్‌లో పసుపు బోర్డు తెరిచారు. దాంతో ధర ఎంత మారిందనేది వేరే చర్చ. కానీ లెక్కలోకైతే వచ్చారు. అదే ఊర్ల నుంచి, అవే ఇండ్ల నుంచి మనం గల్ఫ్‌కు వచ్చాం. మరి మనం?

మనం లెక్కలోకి వచ్చింది చనిపోయాకనే. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచి పనే, కాదనను. మా పక్క రూమ్ అన్న పోయినప్పుడు వదిన కాగితాలన్నీ నేనే ఫోన్‌లో చూసి చెప్పాను. ఆ డబ్బు విలువ నాకు తెలుసు. కానీ పెట్టెలో పోయినోడికి ఉన్న లెక్క, బస్సెక్కి డ్యూటీకి పోయేవాడికి కూడా ఉండాలి కదా.

మన ఓటు సంగతి కొంచెం విప్పి చెప్తా. 2010లో చట్టం మార్చి, విదేశాల్లో ఉన్న భారతీయులు కూడా ఓటరుగా నమోదు చేసుకోవచ్చన్నారు. ఫారం 6ఏ. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్ట్ పట్టుకుని ఊర్లో బూత్‌కే రావాలి. 1200 రియాల్స్ జీతగాడు టికెట్ పెట్టుకుని, లీవ్ దొరికించుకుని, ఒక్క బటన్ నొక్కడానికి పోతాడా? 2018లో లోక్‌సభ మన బదులు ఇంకొకరు ఓటు వేసే బిల్లు పాస్ చేసింది. రాజ్యసభ దాటలేదు, 2019లో లోక్‌సభ రద్దయితే ఆ బిల్లు కూడా పోయింది. 2020లో ఎన్నికల సంఘం పోస్టల్ ఓటు ఇద్దామని కేంద్రానికి రాసింది. అప్పుడు పత్రికల్లో వచ్చిన వార్త చదివి నా కడుపు మండింది. మొదటి విడతలో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాల వాళ్లకట. గల్ఫ్ వాళ్లు ఆ లిస్టులో లేరట! గల్ఫ్‌లో ఎంబసీల దగ్గర మనోళ్లు లైన్లు కడితే ఇక్కడి ప్రభుత్వాల పర్మిషన్ కావాలనే ఇబ్బంది చెప్పారు. చివరికి ఆ విడతా రాలేదు.

నాకు ఆ కారణం మింగుడు పడలేదు. దోహాలో మన ఎంబసీలో పనిచేసే ఆఫీసర్‌కు పోస్టల్ ఓటు ఉంది. ఆయన ఓటు కవర్‌లో పోతుంది. అదే ఊర్లో ఉండే ఇండస్ట్రియల్ ఏరియా మేస్త్రి ఓటు ఎందుకు పోదు? కవర్‌కు లైన్ అక్కర్లేదు కదా.

ఈ మాట అంటే మా రూమ్‌లో పెద్దాయన నవ్వాడు. కోనసీమ ఆయన, ఇక్కడే ఇరవై రెండేళ్లు. "ఓటేస్తే ఏం ఒరుగుద్దయ్యా? అయిదొందల నోటు, క్వార్టర్ సీసా. అంతేగా." ఆయన మాటలో నిజం లేదనలేను. కానీ ఆయనకొకటి గుర్తు చేశాను. ముప్పై మందికి పైన ఉన్న కంపెనీల్లో కార్మికులు, యాజమాన్యం సగం సగం ఉండే జాయింట్ కమిటీలు పెట్టుకునే వీలు ఇక్కడి చట్టంలో ఉంది. 2019 నుంచి కొన్ని కంపెనీల్లో కార్మికులే ఓటేసి తమ వాళ్లను ఎన్నుకుంటున్నారు. మాకు యూనియన్ పెట్టుకునే హక్కు లేదు, ఇది దాని ముందు చిన్నదే. మా క్యాంపులో కూడా ఎన్నిక పెట్టారు. మెస్ హాల్‌లో అట్టపెట్టె, చీటీలు. ఖతర్ వచ్చిన పదకొండేళ్లలో నేను వేసిన ఒక్కటే ఓటు అది. మా నేపాలీ దోస్త్ గెలిచాడు. ఆయన మొదటి మీటింగ్‌లో అడిగింది ఒక్కటే. రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చేవాళ్లకు తిండి చల్లారిపోతుంది, మెస్ టైమ్ మార్చండి అని. మార్చారు. అప్పటి దాకా సూపర్‌వైజర్‌కు మేం ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. "ఈ వేడి అన్నం ఓటుతోనే వచ్చింది కదా పెద్దాయనా" అంటే ఏమీ అనలేదు, ఇంకో కరక్ చాయ్ పోశాడు.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. మొన్న డిసెంబర్‌లో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలయ్యాయి. మా ఊర్లో నా చిన్ననాటి దోస్త్ సర్పంచ్‌కు నిలబడ్డాడు. పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినోడు. ఎవరు ఏ దేశంలో ఉన్నారో పంచాయతీలో ఒక రిజిస్టర్ పెడతా, ఏజెంట్ మోసం చేస్తే ఆ కుటుంబంతో నేనే ఠాణాకు పోతా అన్నాడు. "రారా, ఒక్కరోజు" అని నాకు ఫోన్ చేశాడు. టికెట్ రేటు చూశాను, ఫోరెమన్ మొహం చూశాను, పోలేదు. 11 ఓట్లతో ఓడిపోయాడు. మా ఊరోళ్లం గల్ఫ్‌లో డెబ్బై మందికి పైన ఉన్నాం. అందరం ఆయనకే వేసేవాళ్లమని కాదు. కానీ లెక్క మారేది. ఓడిన రాత్రి ఫోన్‌లో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

కాబట్టి నా మాట ఇది. ఖతర్ మనకు ఓటు ఇవ్వదు, ఇవ్వమని అడిగే చోటూ కాదు. కెనడాలో మా మేనల్లుడికి ఓటు వస్తుందో రాదో తెలియదు. మనకున్న ఓటు ఊర్లోనే ఉంది, దాన్ని మన దాకా తెచ్చుకోవాలి. ఈ వారం రెండు పనులు చేయండి. ఒకటి, ఓటరు లిస్టులో మీ పేరు ఉందో లేదో ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో చూసుకోండి. తీసేసి ఉంటే ఫారం 6ఏ పెట్టండి, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. రెండు, మీ ఎమ్మెల్యే, ఎంపీ ఈసారి దోహా వచ్చి స్టేజీ ఎక్కితే శాలువా కప్పే ముందు ఒక్క ప్రశ్న అడగండి. "గల్ఫ్ వాళ్లకు పోస్టల్ ఓటు గురించి మీరు సభలో ఎప్పుడు మాట్లాడతారు?" సెల్ఫీ తర్వాత దిగొచ్చు.

ఇండ్లలో పనిచేసే అక్కలకు ఇంకో మాట. మీకు మా లాగా కమిటీ కూడా లేదు. శుక్రవారం కూడా సెలవు దొరకని వాళ్లు మీలో ఉన్నారు. కడప, కోనసీమ దిక్కు నుంచి వచ్చిన మీ లెక్క మా కన్నా తక్కువగా వినపడుతుంది. మీ వాయిస్ మెసేజ్‌లు పంపండి, పేరు చెప్పక్కర్లేదు, వచ్చే ఎపిసోడ్ మీదే.

నిన్న రాత్రి మేనల్లుడు మళ్లీ చేశాడు. "పర్మిట్ అయిపోతే ఏం చేయాలె మామా, ఖతర్ రావాల్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "ముందు అన్నం తిన్నావా" అని అడిగాను.

ఉంటాను. వచ్చే శుక్రవారం కలుద్దాం.